ఉప్పు మూట ఎవరిని అడిగి మోయాలి?

పోయిన సెప్టెంబరులో తొమ్మిదో తరగతి పిల్లలకు హైదరాబాదు సంస్థానం విలీనం గురించి చెబుతున్నాను. మా బడి మొయినాబాద్‌కూ చేవెళ్లకూ మధ్య ఉంటుంది. 1948లో సంస్థానానికి సరుకులు రాకుండా భారత ప్రభుత్వం దారులు బిగించిందని, దాన్ని ఆర్థిక దిగ్బంధం అంటారని బోర్డు మీద రాశాను. వెనక వరసలోంచి ఒక తండా పిల్ల లేచి, "సార్, అప్పుడు నిజాం ఉప్పు లేకుంట తిన్నడా?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

రాత్రి పడుకున్నాక నవ్వు పోయింది. ఆ పిల్ల అడిగింది చిన్న మాట కాదు. ఒక దారి మూసేస్తే ఆకలి ముందుగా ఎవరి ఇంటికి వస్తుంది? దారి మూసినవాడు కోరుకున్నది ఎవరి ఆకలి? ఆ మూసిన దారిలో ఉప్పు మూట, మందు సంచి మోసుకుపోవాలనుకున్నవాడు ఎవరిని అడగాలి? అడిగితే, మూసే హక్కు వాళ్లకుందని ఒప్పుకున్నట్టా? ఈ ప్రశ్నలు పిల్లలవి మాత్రమే కావు. అడవి అంచున పుట్టిన మనలాంటి వాళ్లకు ఇవి ఇంటి ప్రశ్నలు. అందుకే ఈ వ్యాసం.

ముందు చరిత్ర చెప్పుకుందాం. హైదరాబాదు సంస్థానం సుమారు 82 వేల చదరపు మైళ్ల దేశం. కోటీ అరవై లక్షలకు పైగా జనం. సముద్రం లేదు. నాలుగు దిక్కులా భారతదేశమే. సముద్రం లేని దేశానికి ఉప్పు బయటి నుంచే రావాలి. 1947 నవంబరు 29న నిజాం ప్రభుత్వానికీ భారత ప్రభుత్వానికీ యథాతథ ఒప్పందం కుదిరింది. ఏడాదిపాటు ఉన్నది ఉన్నట్టు సాగాలని, ఈలోపు మాట్లాడుకోవాలని దాని అర్థం. భారత ప్రభుత్వం తరఫున కె.ఎం.మున్షీ హైదరాబాదులో ఏజెంట్ జనరల్‌గా కూర్చున్నారు. నిజాం తరఫున లాయక్ అలీ ప్రధానమంత్రి. ఢిల్లీలో వి.పి.మీనన్, సర్దార్ పటేల్. నిజాంకు న్యాయ సలహాదారుగా ఇంగ్లండు నుంచి వచ్చిన వాల్టర్ మాంక్‌టన్. వీళ్ల మధ్య నెలల తరబడి రాయబారాలు నడిచాయి. చివరి ముసాయిదా 1948 జూన్‌లో వీగిపోయింది. మౌంట్‌బాటెన్ ఆ నెల 21న దేశం విడిచి వెళ్లారు. దారులు ఇంకా బిగిశాయి.

ఆ ఏడాది ఆగస్టు 21న నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతామండలికి తంతి పంపింది. మమ్మల్ని బెదిరిస్తున్నారు, దిగ్బంధంతో జనాన్ని బాధపెడుతున్నారు అని ఫిర్యాదు. మందులు, తాగునీరు శుద్ధిచేసే క్లోరిన్ కూడా రానివ్వడం లేదని వాళ్ల ఆరోపణ. క్లోరిన్ మాట చదివినప్పుడు నాకు గండిపేట గుర్తొచ్చింది. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ మా మొయినాబాద్ మండలాన్ని ఆనుకునే ఉంటాయి. ఆనాడు నగరం తాగింది ఆ నీళ్లే. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాదు విడవడని సామెతలా చెప్పుకుంటారు. నీళ్లలో వేసే మందు ఆగితే రోగం వచ్చేది నిజాంకు కాదు, బస్తీ కుళాయి దగ్గర బిందె పట్టుకొని నిలబడ్డ ఆడమనిషి ఇంటికి.

భారత ప్రభుత్వానికీ తన వాదన ఉంది. దాన్ని దాచిపెట్టి చెబితే న్యాయం కాదు. రజాకార్లు ఊళ్లమీద పడి దోచుకుంటున్నారు, తగలబెడుతున్నారు. సంస్థానం ఆయుధాలు కూడగడుతోంది. ఆ మాట కల్ల కాదు. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రివేళల్లో విమానాల్లో తుపాకులు తెచ్చి బీదర్, వరంగల్ వైపు దించాడు. దారి తెరిస్తే తుపాకీ వస్తుందన్న భయం ఊహ కాదు.

అదే ఎండాకాలంలో ఇంకో నగరం కూడా దిగ్బంధంలో ఉంది. 1948 జూన్ 24న సోవియట్ సైన్యం పశ్చిమ బెర్లిన్‌కు రోడ్లు, రైళ్లు ఆపేసింది. అక్కడ ఇరవై లక్షల పైచిలుకు జనం. అమెరికా, బ్రిటన్ విమానాలు దాదాపు ఏడాదిపాటు పిండి, బొగ్గు, పాలపొడి మోశాయి. ఆ నగరం నిలబడింది. బెర్లిన్ మీద ఎగిరిన విమానంలో పిండి ఉంది, హైదరాబాదు మీద ఎగిరిన విమానంలో తుపాకీ ఉంది. బెర్లిన్‌లో మోసినవాళ్లూ ధర్మాత్ములేమీ కాదు. వాళ్ల లెక్కలు వాళ్లవి. అయినా మూటలో ఏముందన్నది చిన్న తేడా కాదు. తుపాకీ మోసిన ప్రతి విమానమూ, తర్వాత వచ్చే ఉప్పు మూటను అనుమానించడానికి దారి మూసినవాడికి ఒక సాకు ఇస్తుంది.

మరి ఆ దిగ్బంధం ఎవరిని తాకింది? ఇది ఆలోచించవలసిన సంగతి. అప్పటికే తెలంగాణ పల్లెలు నిజాంకు ఎదురు తిరిగాయి. 1946 నుంచి రైతులు భూమి కోసం, వెట్టికి వ్యతిరేకంగా పోరాడుతున్నారు. మా మొయినాబాద్ మండలం పెద్దమంగళారంలో పుట్టిన కొండా వెంకట రంగారెడ్డి లాంటివాళ్లు నిజాం పాలనకు ఎదురు నిలిచారు. మా జిల్లాకు ఆయన పేరే పెట్టారు. అంటే దారి మూసింది నిజాం మీద కోపంతో, ఉప్పు కరువైంది నిజాంను వద్దన్నవాళ్లకు. దిగ్బంధానికి కళ్లు లేవు. ఎవరు ఎటువైపున్నారో అది చూడలేదు. పైగా తుపాకీ ఉన్నవాడికి ఆకలి చివరన వస్తుంది. ఊళ్లో పది గింజలుంటే ముందు వాడే లాక్కుంటాడు. చేవెళ్ల దగ్గర ఊళ్లో ఒక పెద్దాయన నాతో అన్నాడు, "మా నాయిన చెప్పేటోడు సారూ, రజాకారుకు ఎన్నడూ ఉప్పు కరువు కాలేదని." నేను ఇది ఎక్కడా పుస్తకంలో చూడలేదు. కానీ అబద్ధమని అనుకోను.

దిగ్బంధం యుద్ధం కన్నా మేలు కాదా అని కొందరు అడుగుతారు. తూటా పేలకుండా లొంగదీసుకుంటే నెత్తురు చిందదు కదా అంటారు. ఈ మాటలో బలం ఉంది. 1948 సెప్టెంబరు 13న సైన్యం వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. రజాకార్ల పీడ పోయింది. కానీ ఆ తర్వాత కొన్ని జిల్లాల్లో జరిగిన హింసలో తక్కువలో తక్కువగా 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని నెహ్రూ పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. భద్రతామండలి ఈ సంగతిని ఎజెండాలోకి తీసుకున్నది సెప్టెంబరు 16న, పారిస్‌లో. మర్నాడే లొంగుబాటు. కొద్ది రోజుల్లో నిజాం ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాడు. మాట ఎంత ఆలస్యంగా వచ్చిందో చూడండి. కాబట్టి యుద్ధం కన్నా మేలైనదేదో వెతకాల్సిందే. అయితే ఆయుధాన్ని ఆపడం వేరు, ఉప్పును ఆపడం వేరు. పెట్రోలు విషయంలో నాకూ తెగదు. అది రజాకారు లారీనీ నడిపిస్తుంది, ఆస్పత్రి బండినీ నడిపిస్తుంది. కానీ ఉప్పుతో, క్లోరిన్‌తో, జ్వరం మాత్రతో ఎవరూ యుద్ధం చేయలేరు. వాటిని ఆపడానికి ఏ న్యాయమూ నాకు కనబడదు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. మాది గోదావరి అవతల వెంకటాపురం వైపు కోయ గూడెం. ఉద్యోగం మీద ఇటు వచ్చిన కొత్తలో మర్రిచెట్ల నీడలో బస్సులో పోతుంటే ఎవరో "ఇది బీజాపూర్ రోడ్డు" అన్నారు. గుండె దడదడలాడింది. మా వైపు బీజాపూర్ అంటే ఛత్తీస్‌గఢ్‌లోని బీజాపూర్. మా చుట్టాలు ఊళ్లు విడిచి పారిపోయి వచ్చిన చోటు. ఇక్కడివాళ్లు అనేది కర్ణాటక బీజాపూర్. తర్వాత మ్యాపు చూస్తే ఇంకో వింత. చేవెళ్ల మీదుగా పోయే 163వ నంబరు జాతీయ రహదారే హైదరాబాదు, వరంగల్, ఏటూరునాగారం దాటి, గోదావరి దాటి, ఆ రెండో బీజాపూర్ జిల్లాలోని భోపాలపట్నం దాకా పోతుంది. నా బడీ, నా గూడెమూ ఒకే రోడ్డు మీద ఉన్నాయి.

2005లో అవతల సల్వాజుడుం మొదలైంది. ఒకవైపు మావోయిస్టులు, ఇంకోవైపు జుడుం, బలగాలు. ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలమంది సరిహద్దు దాటి మా అడవుల్లోకి వచ్చారు. వాళ్లను గుత్తికోయలు అన్నారు. వాళ్లూ కోయలే, మా మాటే మాట్లాడతారు. 2006 వానాకాలంలో నేను టీచర్ ట్రైనింగ్ పూర్తిచేసి కొత్తగా ఉద్యోగంలో చేరాను. వాగు అవతల వాళ్లు వేసుకున్న గుడిసెల్లో జ్వరాలు పట్టుకున్నాయి. నేను సంచిలో మలేరియా మాత్రలు, ఓఆర్‌ఎస్ పొట్లాలు, నాలుగు కిలోల ఉప్పు పెట్టుకొని సైకిల్ మీద బయల్దేరాను. దారిలో ఒక చెక్‌పోస్టు. ఎవరి కోసం అని అడిగారు. ఇన్ని మాత్రలు ఒక ఇంటికి ఎందుకు అన్నారు. నేను చదువుకున్నవాణ్ని కదా. మందులు తీసుకుపోవడం నా హక్కు, ఆపడానికి మీ దగ్గర కాగితం ఉందా అని అడిగాను. నేనన్న మాట నిజమే. సంచి మాత్రం వాళ్ల దగ్గర ఉండిపోయింది. నేను ఖాళీ సైకిల్‌తో వెనక్కి వచ్చాను. మూడు రోజులు ఆ కోపంలోనే ఉన్నాను. కోపం నాకు సుఖంగానే ఉంది. జ్వరం మాత్రం నాది కాదు.

తొమ్మిదో రోజున మా గూడెం పెద్ద, నాకు వరుసకు తాత, ఇంకో సంచితో పోయాడు. చెక్‌పోస్టు దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. సంచి నేల మీద కుమ్మరించి, "చూసుకోండి అయ్యా, ఇంతే ఉంది, పిల్లలకు జ్వరాలు, పోనీయండి" అన్నాడు. పోనిచ్చారు. ఈలోపు అక్కడ ఒక చిన్నపిల్ల చనిపోయింది. మాత్ర అందితే బతికేదని నేను చెప్పలేను, డాక్టరును కాను. తొమ్మిది రోజులు ఆలస్యమైందని మాత్రం చెప్పగలను.

నేను తాతతో పోట్లాడాను. "వాళ్ల ముందు చెప్పులు విడిచినవు. దారి వాళ్లదని ఒప్పుకున్నట్టే కదా" అన్నాను. తాత ఆకు చుట్ట వెలిగించి అన్నాడు, "మనవడా, వాగు పొంగితే ఆగి, తగ్గినంక దాటుతం. ఆగినంత మాత్రాన అడవి వాగుదైతదా? నేను వాళ్లను అడిగింది సంచి పోనీయమని. అడవి ఎవరిదని అడగలేదు."

చాలా ఏళ్ల తర్వాత జెనీవా ఒప్పందాల గురించి చదువుతూ ఆ మాట మళ్లీ కలుసుకున్నాను. 1949 ఆగస్టు 12న నాలుగు ఒప్పందాలు కుదిరాయి. నాలుగింటిలోనూ మూడో నిబంధన ఒకటే. ఒక దేశం లోపల జరిగే సాయుధ ఘర్షణలో కూడా గాయపడ్డవాళ్లను, రోగులను చూడాలని, పక్షపాతం లేని సేవాసంస్థ ఏదైనా సాయం చేస్తామని ముందుకు రావచ్చని అందులో ఉంది. చివరి వాక్యం అసలైనది. ఈ నిబంధన పాటించినంత మాత్రాన ఏ పక్షం చట్టబద్ధ హోదా కూడా మారదని దాని భావం. అంటే మందు సంచి కోసం ఒకరితో మాట్లాడితే, వాళ్ల ఏలుబడిని ఒప్పుకున్నట్టు కాదు. మా తాత చదువుకోలేదు. ఆయన చెప్పింది ఇదే.

కాబట్టి నా మొదటి తీర్పు ఇది. అడగడం తప్పు కాదు. మా వైపు రెండు గూడేలకు తగవు వస్తే, రెండు వైపులా చుట్టరికం ఉన్నవాణ్ని పంపుతారు. అతను ఎవరిది తప్పో తేల్చడానికి పోడు. ముందు నీళ్ల దారి తెరిపించడానికి పోతాడు. తప్పెవరిదో తర్వాత పెద్దలు కూర్చుంటారు. రాయబారం అంటే అంతే. దాన్ని లొంగుబాటు అనుకోవడం నా పాతికేళ్ల వయసు చేసిన పొరపాటు.

రెండో తీర్పు, సంచి శుభ్రంగా ఉండాలి. తాత సంచిని నేల మీద కుమ్మరించాడు. అందులో దాచింది ఏమీ లేదు కాబట్టే కుమ్మరించగలిగాడు. నాలుగో జెనీవా ఒప్పందం 23వ నిబంధన మందులకు, పదిహేనేళ్ల లోపు పిల్లలకూ గర్భిణులకూ బాలింతలకూ కావలసిన ఆహారానికి దారి ఇవ్వాలంటుంది. అవి పక్కదారి పడతాయన్న గట్టి కారణం ఉంటే ఆపవచ్చని కూడా అంటుంది. ఆ వెసులుబాటును దారి మూసేవాళ్లు ఎంత దుర్వినియోగం చేస్తారో లోకం చూస్తోంది. అయినా మోసేవాడు ఆ సాకు ఇవ్వకూడదు. ఒక్కసారి మందు కింద మందుగుండు పెడితే, తర్వాత వంద సంచులు ఆగుతాయి.

మూడోది కష్టమైనది. తాత అదే చెక్‌పోస్టుకు ఇంకోసారి పోయాడు. ఈసారి వాళ్లు నవ్వుతూ మాట్లాడారట, కుర్చీ వేశారట. ఎవరెవరికి జ్వరమో పేర్లు రాసిచ్చి పో అన్నారట. కొత్తగా ఎవరొచ్చారో, రాత్రిళ్లు ఎవరు వచ్చి పోతున్నారో చెప్పమన్నారట. తాత సంచి భుజాన వేసుకొని వెనక్కి వచ్చేశాడు. నేను ఆశ్చర్యపోయాను. చెప్పులు విడవడానికి వెనకాడని మనిషి, పేర్లు చెప్పడానికి ఒప్పుకోలేదు. "నా చెప్పులు నావి, విడుస్తా. వాళ్ల పేర్లు నావా ఇయ్యడానికి?" అన్నాడు. ఆ తర్వాత అడవి దారిన, రెండు గుట్టలు చుట్టి, కావడిలో మోశారు.

అక్కడ నాకు గీత కనబడింది. సాయం కోసం నా గౌరవం కొంత తగ్గించుకోవచ్చు, అది నా సొమ్ము. సాయం పొందేవాళ్ల ప్రాణాన్ని, పేరును, నమ్మకాన్ని బేరం పెట్టే హక్కు నాకు లేదు. ఈ మాట దారికి అవతలి వైపుకూ వర్తిస్తుంది. మందు తెచ్చినవాణ్ని పట్టుకొని బయట పోలీసులెంతమంది అని అడిగే లోపలివాళ్లు కూడా అదే తప్పు చేస్తున్నారు. రెండు వైపులా ఈ తప్పు జరిగింది. రెండు వైపులా అనుమానానికి మనవాళ్లే చచ్చారు.

నాలుగో ప్రశ్నకు లోకంలో పెద్దవాళ్లే రెండుగా చీలారు. లోపలికి పోయి చూసినదాన్ని బయట చెప్పాలా, వద్దా? చెబితే మళ్లీ రానివ్వరు. చెప్పకపోతే అన్యాయానికి మౌనసాక్షి అవుతాం. 1967 నుంచి 1970 దాకా నైజీరియాలో బియాఫ్రా ప్రాంతం దిగ్బంధంలో పడి, లక్షలమంది ఆకలితో చనిపోయారు. అక్కడ రెడ్‌క్రాస్ తరఫున పనిచేసిన కొందరు ఫ్రెంచి డాక్టర్లకు మౌనం భరించరానిదైంది. వాళ్లలో కొందరు ఇంకొందరితో కలిసి 1971లో సరిహద్దులు లేని డాక్టర్ల సంస్థ పెట్టారు. రెడ్‌క్రాస్ దారి వేరు. ఎక్కువగా నోరు మూసుకొని, అధికారుల చెవిలో మాత్రం చెప్పి, తలుపు తెరిచి ఉంచుకోవడం. రెండు సంస్థలూ మన దండకారణ్యానికి వచ్చాయి. ఆ డాక్టర్లు 2006 నుంచి దక్షిణ బస్తర్‌లో అడవి ఊళ్లకు నడిచిపోయి వైద్యం చేశారు. రెడ్‌క్రాస్ బీజాపూర్ జిల్లాలో పనిచేసి, 2013లో వెళ్లిపోవలసి వచ్చింది. మౌనంగా ఉన్నా తలుపు మూసుకుంది.

ఎవరిది సరి? నేను మన చరిత్రలోంచి ఒక దారి చూపిస్తాను. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నిజాం పోలీసుల తూటాలకు పడిపోయాడు. ఆ తర్వాత అదే నిజాం ప్రభుత్వ అనుమతితో హైమన్‌డార్ఫ్ గోండుల మధ్యకు వచ్చాడు. చంపిన ప్రభుత్వం ఇచ్చిన కాగితం పట్టుకొని వచ్చాడని ఆయనను తప్పుపట్టవచ్చు. కానీ చూసింది దాచలేదు. భూములు ఎలా పోయాయో, అటవీ ఉద్యోగులు ఎలా పీడించారో నివేదికలు రాశాడు. ఆ నివేదికలను 1945లో నిజాం ప్రభుత్వమే అచ్చు వేసింది. మార్లవాయిలో గోండు టీచర్లకు ట్రైనింగ్ మొదలైంది. నాలాంటి టీచరుకు అది తాత ఇల్లు లాంటిది. కాబట్టి మౌనమా, మాటా అని రెండే ఉన్నట్టు అనుకోనక్కరలేదు. ముందు మూసినవాడి ముఖం మీదే చెప్పాలి, రాసి ఇవ్వాలి, తేదీ వేసి దాచుకోవాలి. మనం నోరు విప్పితే ఆగిపోయే మందు, మౌనంగా ఉంటే పోయే ప్రాణం, రెండూ తూచాలి. ఒక్కటి మాత్రం ఖాయం. మౌనానికి గడువుండాలి. గడువులేని మౌనం తలుపు మూసినవాడి జీతగాడిగా మారుతుంది.

ఇదంతా కుదిరే పనేనా అని మీరు అడగవచ్చు. కుదిరిన సందర్భం చెబుతాను. 2012 ఏప్రిల్ 21న సుక్మా కలెక్టరు అలెక్స్ పాల్ మేనన్‌ను మావోయిస్టులు ఎత్తుకుపోయారు. ఆయన అంగరక్షకులు ఇద్దరిని చంపారు. ఆయనకు ఆస్తమా. అప్పుడు ఆదివాసీ నాయకుడు, మాజీ ఎమ్మెల్యే మనీశ్ కుంజామ్ మందులు తీసుకొని అడవిలోకి పోయాడు. ప్రభుత్వం పోనిచ్చింది, మావోయిస్టులు రానిచ్చారు. ప్రభుత్వం తరఫున నిర్మలా బుచ్, ఎస్.కె.మిశ్రా, అటునుంచి బి.డి.శర్మ, మన ప్రొఫెసర్ హరగోపాల్ కూర్చొని మాట్లాడారు. మే 3న కలెక్టరు క్షేమంగా బయటికొచ్చారు. ఆయన బతకడం మంచిదే, ప్రతి ప్రాణమూ అంతే. కానీ అప్పటినుంచి నన్ను ఒక ఆలోచన వదలదు. పేరున్న ఒక మనిషికి ఊపిరాడే మందు అన్ని గీతలూ దాటి కొద్ది రోజుల్లో పోయింది. అదే అడవిలో పేరులేని పిల్లలకు జ్వరం మాత్ర ఎందుకు పోలేదు? దారి లేక కాదు. అడిగేవాళ్లు లేక, అడిగినా వినేవాళ్లు లేక.

ఇంకో మనిషి పేరు చెప్పకుండా ఉండలేను. ఎస్.ఆర్.శంకరన్. మన గురుకులాల చదువుకు పునాది వేసినవాళ్లలో ఆయన ముందువరసలో ఉంటారు. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి ఏజెన్సీలో నక్సలైట్లు ఆయనను ఇతర అధికారులతోపాటు ఎత్తుకుపోయారు. పదేళ్ల తర్వాత ఆయనే పౌరస్పందన వేదిక ముందుండి ఇరువైపుల హింసనూ ప్రశ్నించారు. 2004 అక్టోబరులో హైదరాబాదులో ప్రభుత్వమూ నక్సలైట్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చోవడం వెనక ఆ కృషి ఉంది. ఆ చర్చలు కొద్ది నెలలకే తెగిపోయాయి. కానీ తనను ఎత్తుకుపోయినవాళ్లతో కూడా మాట్లాడవచ్చని ఒక మనిషి చూపించాడు. రాయబారికి కావలసింది అదే. తన గాయాన్ని ఇంట్లో పెట్టి రావడం.

చట్టాలు ఉన్నాయి కదా, ఇంక రాయబారం ఎందుకని యువకులు అడుగుతారు. ఉన్నాయి. 1977 నాటి జెనీవా అదనపు ఒప్పందం జనాన్ని ఆకలికి గురిచేసి యుద్ధం చేయకూడదంటుంది. భారతదేశం అందులో చేరలేదు. 2018 మే 24న భద్రతామండలి 2417వ తీర్మానంలో అదే మాట మళ్లీ చెప్పింది. అయినా గాజాలో ఏం జరిగింది? 2007 నుంచే దిగ్బంధం. 2023 అక్టోబరులో హమాస్ దాడి చేసి, జనాన్ని చంపి, బందీలను ఎత్తుకుపోయింది. ఆ బందీలను చూడడానికి రెడ్‌క్రాస్‌ను రానివ్వలేదు. ఇజ్రాయెల్ 2025 మార్చి 2 నుంచి సుమారు 11 వారాలు ఆహారం, మందులు ఆపేసింది. ఆ ఆగస్టు 22న గాజా నగర ప్రాంతంలో కరువు వచ్చిందని ఐక్యరాజ్యసమితి మద్దతున్న నిపుణులు ప్రకటించారు. చట్టం చెక్‌పోస్టు దగ్గర తనంతట తాను నిలబడదు. ఎవరో ఒకరు సంచితో నిలబడాలి. చట్టం ఆ మనిషి వెనక నిలబడుతుంది, అంతే. చట్టం లేకపోతే తాత అడుక్కునేవాడు. చట్టం ఉంటే, చెప్పులు విడిచినా అది హక్కు అడగడమే.

2025 వేసవిలో మా వెంకటాపురం దగ్గరి కర్రెగుట్టల సంగతి చాలామందికి తెలుసు. గుట్టల మీద బాంబులు పెట్టాం, రావద్దని మావోయిస్టులు ముందుగా లేఖ విడుదల చేశారు. తర్వాత బలగాలు చుట్టుముట్టి 21 రోజులు గాలించాయి. అది తునికాకు కోసే కాలం. ఒకరు గుట్ట ఎక్కొద్దన్నారు, ఇంకొకరు గుట్టను చుట్టుముట్టారు. ఆకు కోసే చేతిని ఇద్దరిలో ఎవరూ అడగలేదు.

టీచర్లకు ఒక మాట. దిగ్బంధం పాఠం చెప్పేటప్పుడు ఒప్పందాలు, తేదీలు చెప్పండి, అవి కావాలి. దాంతోపాటు ఆ ఏడాది ఉప్పు ఎంతకు దొరికిందో ఇంట్లో ముసలివాళ్లను అడిగి రమ్మనండి. యువకులకు ఇంకో మాట. మన తాతలు సేరు సారపప్పు ఇచ్చి సేరు ఉప్పు తెచ్చుకున్నవాళ్లు. ఉప్పును పట్టుకున్నవాడు మనిషిని ఎలా పట్టుకుంటాడో మనకు ఎవరూ నేర్పనక్కరలేదు. అందుకే ఎవరి దారి మూసినా, వాళ్లు మనవాళ్లు కాకపోయినా, మనకు గిట్టనివాళ్లే అయినా, ఉప్పు పోనీయమనే పక్షాన మనం ఉండాలి.

మర్నాడు క్లాసులో ఆ పిల్లకు జవాబు చెప్పాను. "లేదమ్మా, నిజాం ఉప్పు లేకుండా తినలేదు. లేకుండా తిన్నవాళ్ల పేర్లు పుస్తకంలో లేవు." ఆ పిల్ల కాసేపు ఆలోచించి, "మరి వాళ్లకు ఎవరన్నా తెచ్చిచ్చిండ్రా సార్?" అంది. తెలుసుకొని చెబుతానన్నాను. ఇంకా వెతుకుతున్నాను.